రెండో డబ్బా

మా సువార్త చేతుల దగ్గర నిమ్మచెక్క ఓడిపోయింది.
శనగపిండి ఓడిపోయింది, కాలవ ఒండ్రు ఓడిపోయింది,
షాపులోంచి నేను తెచ్చిన కిరసనాయిలు కూడా.
రోజుకి పది గంటలు షెడ్డులో
రొయ్య తలలు తుంచే చేతులవి.
జడలో అదే వాసన, దిండులో అదే,
పాటల పుస్తకంలో ఆమె వేలు ఆగే పేజీలో కూడా అదే.
"ఒక్కరోజు మనిల్లు ఇంకోలా వాసనేస్తే బాగుణ్ణు"
అంది మొన్న, నిద్రలోకి జారుతూ.
నాతో కాదు, గోడతో.

నేను చెరువులకి ఏరేటర్లు బాగుచేసేవాణ్ణి.
మోటారు చుట్టడం తెలుసు, పిండి కలపడం తెలీదు.
అయినా భీమవరం పాతసామాన్ల కొట్లో
పిడి విరిగిన ఓవెన్ ఒకటి ఎనిమిది వందలకి తెచ్చి
కాయిల్ మార్చాను.
నరసాపురంలో ఓట్స్ పొట్లం కొన్నాను.
పక్కింటి గవరమ్మ పిన్ని వేళ్ళతో నలిపి చూసి
"ఊక కంటే కాస్త నయం" అంది.

ఫోన్లో పిల్ల గోధుమరంగు చక్కెర అంది,
నేను తాటిబెల్లం దంచాను.
ఎండుద్రాక్ష అంది,
మామిడితాండ్ర ముక్కలు కోశాను.
వెన్న మాత్రం వెన్నే.
ఇక దాల్చినచెక్క పొడి రెండు చెంచాలు,
అసలు గుబాళింపంతా అదేనంది.
అప్పుడు పోయింది కరెంటు.

మా మొగల్తూరు చీకట్లో ఒక తమాషా ఉంది.
కరెంటు పోయిన నిమిషంలోపే
చుట్టూ చెరువులన్నిటికీ జనరేటర్లు అందుకుంటాయి,
నీళ్ళు చిలికి చిలికి రొయ్యకి ఊపిరి పోస్తాయి.
వీధిలో మనుషులం విసనకర్రలు వెతుక్కుంటాం.
ఆ మోతలో, ఫోను కూడా చచ్చిపోయాక,
అలమరలోకి చెయ్యి పెట్టి తడిమాను.
మొదటి డబ్బా కారం. తుమ్ము మీద తుమ్ము.
రెండోది మెత్తని పొడి. రెండు చెంచాలు.
వాసన చూసుకోలేదా అంటారేమో,
ముక్కు నా చేతిలో ఉంటే కదా.

గోడ మీంచి గవరమ్మ పిన్ని
"ఇటు పట్రా. మినపరొట్టికి అక్కర్లేని కరెంటు
దీనికెందుకంట?"
మందపాటి గిన్నెలో అరిటాకు, దానిమీద నా వంకర బిళ్ళలు,
కింద కొబ్బరిచిప్పల నిప్పులు, మూత మీద ఇంకాసిని.
రొట్టెలమ్మి ఇద్దరు ఆడపిల్లల్ని నర్సులు చేసిన మనిషి,
మూత ఎత్తదు, చెవి వంచి వింటుంది.
వింటున్నదల్లా ఆగింది.
"ఏం వేశావురా ఇందులో?"
"దాల్చినచెక్క."
నావైపు చూసింది. ఏమీ అనకుండా
నిప్పులు కొంచెం ఎగదోసింది.

అప్పటికి నాకూ తెలిసింది. వీధికీ తెలిసింది.
రెండు పిల్లులొచ్చి గోడ మీద సర్దుకు కూర్చున్నాయి.
రొయ్యపొట్టు.

తొమ్మిదింబావుకి షెడ్డు వ్యాను ఆగిన చప్పుడు.
పళ్ళేన్ని మంచం కిందకి తోశాను.
సువార్త చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడి
"ఏటిది?" అంది.
చెప్పాను. ఓవెనూ, ఓట్సూ,
గోడతో అన్న మాట నేను విన్నానన్నదీ,
రెండో డబ్బా.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత తనే వంగి పళ్ళెం ఇవతలికి లాగింది.
"ఇది షెడ్డుది కాదుగా?"
"కాదు. సంతలో కొన్నది."
"నేను వలిచింది కాదుగా?"
"కాదు."

కొరికింది. అంచు ఫెళ్ళుమంది.
తాండ్ర పులుపు, బెల్లం, చిప్పల పొగ,
వాటి వెనక ఉప్పుటేరు.
పదకొండేళ్ళుగా ఆ చేతుల మీదుగా
ఎన్ని టన్నులు ఓడెక్కాయో,
నోటిదాకా ఒక్కటి వచ్చిందో లేదో
నేనెప్పుడూ అడగలేదు.
రెండోది తీసుకుంది.
"ఉప్పు తక్కువైంది" అంది, నోటినిండా.

అప్పుడొచ్చింది కరెంటు.
వంటింట్లో ఖాళీ ఓవెన్
ఎవరికోసమో ఎర్రబడటం మొదలెట్టింది.